నాలుగు పాయింట్ సున్నా ఎనిమిది

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. కానీ ఆయన నోరు మాత్రం ప్రపంచమంతా వినిపిస్తుంది. ఇది పొడుపుకథ కాదు. 'నోరు' అనేది పద్నాలుగేళ్ల కిందట ఆయన రాసిన ఒక చిన్న ప్రోగ్రాం పేరు. దానికి అంకె ఇస్తే మాట చేసి పెడుతుంది, అంతకు మించి ఏమీ చెయ్యదు. కాకపోతే ఆ పనిని నలభై భాషల్లో చేస్తుంది. ఆసుపత్రిలో మీ టోకెన్ నంబరు పిలిచే గొంతు వెనకాల, లిఫ్టులో అంతస్తు చెప్పే గొంతు వెనకాల, చూపులేనివాళ్ల ఫోన్లలో గంటలు చెప్పే గొంతు వెనకాల ఎక్కడో ఓ మూల మా బావ నోరుంటుంది.

దాన్ని ఆయన ఓపెన్ సోర్సుగా పెట్టాడు. అంటే ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్మే సామానులో కూడా పెట్టుకోవచ్చు. ఆయనకి చెప్పనక్కర్లేదు. ఎవరూ చెప్పరు కూడా. పాడైనప్పుడు మాత్రం అందరూ చెబుతారు.

నేను ఆయన బావమరిదిని. వృత్తి టెస్టింగు. ఆఫీసులో ఒకళ్ల తప్పులు వెతికి జీతం పుచ్చుకుంటాను, శనివారం పొద్దున బావ తప్పులు వెతికి కాఫీ పుచ్చుకుంటాను. నా పరీక్ష పద్ధతి నాదే. ఒక కాగితం మీద మా ఇంటి అంకెలన్నీ రాసిపెట్టుకున్నాను: నా బరువు, అక్క ఎత్తు, బావ కళ్లజోడు నంబరు, వాళ్ల ఫ్లాటు నంబరు, మా మేనకోడలి జ్వరం ఎక్కువలో ఎక్కువ ఎంత దాకా వెళ్లిందో అది. కొత్త నోరు తయారైనప్పుడల్లా ఈ కాగితాన్ని చదివిస్తాను. సొంతవాళ్ల అంకె తప్పు పలికితే చెవికి చప్పున తగులుతుందని నా సిద్ధాంతం. పద్నాలుగేళ్లలో ఆ కాగితం మారలేదు, నా బరువు ఒక్కటే మారింది.

బావకి ఈ పనిలో డబ్బు రాదు, పేరూ రాదు. ఆయనకున్న ఏకైక ముచ్చట కృతజ్ఞతల ఫైలు. ఎవరైనా నిజమైన తప్పు పట్టిస్తే వాళ్ల పేరూ, పట్టిన తప్పూ ఆ ఫైల్లో ఒక లైనుగా చేరుస్తాడు. మూడు వందల పన్నెండు లైన్లయ్యాయి. అక్క పెళ్లి ఆల్బం ఏ అటక మీదుందో బావకి తెలియదు గానీ, నూట నలభయ్యో లైనులో ఉన్నదెవరో ఠక్కున చెబుతాడు.

ఇలా ఉండగా ఏఐ వచ్చింది. ఆఫీసులో అందరికీ ఏఐ వచ్చింది, బావకి బీపీ వచ్చింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా యంత్రం రాసిన కోడు చదివి సరే అనడమే ఆయన ఉద్యోగమైపోయింది. యంత్రానికి పని చెబుతూ ప్రాంప్టు ఇచ్చినవాడు ప్రాంప్టుగా ఇంటికెళ్లిపోతున్నాడు, చదివేవాడు చదువుతూనే ఉన్నాడు. సరే, ఇంటికొచ్చి నోటి దగ్గర కూర్చుందామంటే అక్కడా అదే వరస. పూర్వం వారానికి మూడు రిపోర్టులొచ్చేవి, ఇప్పుడు రోజుకి నలభై. ఫలానా తప్పు పట్టాను, నా పేరు ఫైల్లో వెయ్యండి అని ఎవరెవరో యంత్రాల చేత రాయించి పంపుతున్నారు. ఒకటి, లేని ఫైల్లో లేని లైనులో భయంకరమైన లోపముందని నాలుగు పేజీలు రాసింది. బావ మతి పోగొట్టుకుని సగం పూట వెతికాడు. లోపం దొరకలేదు గానీ కోపం దొరికింది.

అప్పుడాయన ఒక తక్కెడ కనిపెట్టాడు. మనుషులు రాసే రిపోర్టులెప్పుడూ మర్యాదగా ఉండేవి కావు. నీ నోరు పడిపోయింది, ఇది ఎవడు రాశాడు, లిఫ్టు మమ్మల్ని ఆరో అంతస్తులో దింపి అయిదంటోంది, బుద్ధుందా అని ఉండేవి. యంత్రాలవేమో, తమరి అద్భుతమైన కృషికి ధన్యవాదాలు అంటూ మొదలై, ముందు చుక్క పెట్టిన చిన్న చిన్న వరసలుగా సాగి, మీ అమూల్యమైన సమయానికి మరోసారి ధన్యవాదాలు అంటూ ముగుస్తాయి. కంప్లెయింట్లు కాస్తా కాంప్లిమెంట్లయిపోయాయి. కాబట్టి తిట్టుంటే మనిషి, ఒట్టు. పొగడ్త ఉంటే మర, మరో మాట లేదు. మర్యాదలోనే 'మర' వాసన వస్తోందిరా అని నాతో అని, ధన్యవాదాలు కనబడిన ప్రతిదాన్నీ చదవకుండా మూసెయ్యడం మొదలెట్టాడు. కింద ఒకటే వాక్యం అతికించేవాడు: "మీ యంత్రాన్ని అడిగినట్టు చెప్పండి."

ఆ వాక్యం విని నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఇది ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.

అయినా నలభైని మూసినా మర్నాటికి నలభై. చివరికి ఒక శుక్రవారం బావ నాకు ఫోన్ చేసి, రేపు పొద్దున నోరు మూసేస్తున్నానని చెప్పాడు. మూసెయ్యడమంటే ఆ వెబ్‌సైటులో ఒక బొత్తాముంటుంది. నొక్కితే ప్రోగ్రాం చూడ్డానికి ఉంటుంది, మార్చడానికి ఉండదు. రిపోర్టులు రావు, ఉత్తరాలు రావు. పద్నాలుగేళ్ల పనికి దండ వేసి గోడకి తగిలించడమన్నమాట. ఒంటరిగా నొక్కబుద్ధి కావట్లేదు, నువ్వు రా అన్నాడు.

శనివారం తొమ్మిదింటికి వెళ్లాను. వంటింటి పక్కన వాళ్లకి ఒక ఇరుకు బల్ల ఉంది. సగం మీద బావ కంప్యూటరు, సగం మీద అక్క ఇస్త్రీ బట్టలు. అక్క పిల్లల ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆ రోజు ఆవిడకి సెలవు. బొత్తాము నొక్కే విషయంలో ఆవిడ ఏ పక్షమూ పట్టలేదు. నొక్కితే బల్ల ఖాళీ అవుతుంది, మనిషి కూడా ఖాళీ అవుతాడేమో చూసుకోండి అని మాత్రం అందట.

బావ ఆఖరుసారిగా మెయిలు తెరిచాడు. ఇది రిపోర్టుల పెట్టె కాదు, ఆయన సొంత మెయిలు. పైన ఒక ఉత్తరం ఉంది. ఇంగ్లీషులో, తప్పుల తడకగా ఉంది. మొదట పైపైన చూశాడు. "మీరు మంచివాళ్లు కారు" అనే వాక్యం దగ్గర ఆయన కళ్లు మెరిశాయి.

"ఒరేయ్, మనిషిరా," అన్నాడు, ఎడారిలో చెట్టు కనబడ్డవాడిలా.

అప్పుడు మొదటినుంచి చదివాడు. గట్టిగా చదవడం మొదలెట్టి, మూడో వాక్యానికి గొంతు తగ్గించాడు. మిగతాది నేను ఆయన భుజం మీదనుంచి చదువుకున్నాను. మన మాటల్లో చెబితే ఇలా ఉంది:

"అయ్యా, నాకు ఇంగ్లీషు బాగా రాదు. ముందు రెండుసార్లు యంత్రంతో రాయించాను. మీరు మూసేశారు. ఇది నేనే రాస్తున్నాను. నాకు చూపు లేదు. మా పాపకి నెలన్నర. ప్రతి ఆదివారం పాపని మాట్లాడే తూకం మీద పెడతాను. కిందటి ముందు ఆదివారం నాలుగు పాయింట్ ఎనిమిది కిలోలు అంది. కిందటి ఆదివారం నాలుగు పాయింట్ రెండు ఆరు అంది. వారంలో అర కిలో ఎక్కడికి పోతుంది? పాలు తాగుతోంది. చొక్కా బిగుతయింది. గిన్నెలో నీళ్లు పోసి చూశాను. ఒక కప్పు పోస్తే ఎక్కువ పెరిగిందంటుంది, ఇంకో కప్పు పోస్తే తగ్గిందంటుంది. డాక్టరుకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే, చూపులేని తల్లి పిల్లని సరిగ్గా చూసుకోవడం లేదని రాసుకుంటారు. మా అత్తగారు ఇప్పటికే పిల్లని నాకిచ్చెయ్యి అంటోంది. రేపు తూకం చూడ్డానికి వస్తానంది. మీరు మంచివాళ్లు కారు. కానీ ఒక్కటి చెప్పండి. తగ్గింది మా పాపా, మీ నోరా?"

ఆ తూకానికి అంకెలు చూపే అద్దం లేదు, నోరే ఉంది. ఫోనుకి అంకె పంపుతుంది, ఫోను పలుకుతుంది. పలికేది మా బావ ప్రోగ్రాం. ఆ సంగతి ఆవిడకెలా తెలిసిందో కూడా కింద రాసింది. తూకం యాప్‌లో చిట్టచివర లైసెన్సుల పేజీ అని ఒకటుంటుంది. ఎవరి దగ్గర ఏ ప్రోగ్రాం ఉచితంగా తీసుకున్నారో చిన్న అక్షరాల్లో వేస్తారు. కళ్లున్నవాళ్లెవరూ చదవరు. ఆవిడ ఫోను మాత్రం ఒక్క మాట వదలకుండా చదివి వినిపించింది. నోరు, ఫలానావారు రాసినది, ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడినది, ఏ విధమైన హామీ లేదు, అని. ఆవిడ పాపని ఒళ్లో పెట్టుకుని ఆ పేజీ మొత్తం విని, బావని పట్టుకుంది.

బావ రిపోర్టుల పెట్టెలోకి వెళ్లి మూసిన వాటిని వెతికాడు. సోమవారానిది ఒకటి, బుధవారానిది ఒకటి. రెండిటి కిందా ఆయన వాక్యమే ఉంది. మీ యంత్రాన్ని అడిగినట్టు చెప్పండి.

ఈసారి రెండూ చదివాం. తమరి అద్భుతమైన కృషికి ధన్యవాదాలు. దశాంశ బిందువు తరువాతి సున్నాల నిర్వహణలో అసంగతి గమనించబడినది. దీనివలన తుది వినియోగదారునికి అసౌకర్యం కలుగవచ్చును. సూచించబడిన సవరణ ఇది. మీ అమూల్యమైన సమయానికి మరోసారి ధన్యవాదాలు.

అంతా సరిగ్గానే ఉంది. తప్పు ఏ లైనులో ఉందో యంత్రం సరిగ్గా చెప్పింది, సవరణా సరిగ్గా రాసింది. ఆవిడ దానికి పాప గురించి, చొక్కా గురించి, అత్తగారి గురించి ఏడుస్తూ చెప్పుకుని ఉంటుంది. అది ఇంగ్లీషు దిద్దుతూ దిద్దుతూ కన్నీళ్లు తుడిచేసింది, దాంతోపాటు పాపనీ తుడిచేసింది. తుది వినియోగదారుడు మిగిలాడు. మిగిలినవాణ్ణి బావ మూసేశాడు.

ఇంక ఆ తప్పు ఎవరు చేశారో చెప్పాలి. నెల కిందట కొందరు, 'నాలుగు పాయింట్ అయిదు సున్నా' అని నోరు సాగదీస్తోందనీ, చివరి సున్నా అనవసరమనీ అన్నారు. ఎవరిదో యంత్రం దానికి రెండు వందల లైన్ల సవరణ పంపింది. బావ దాన్ని తిప్పికొట్టి, ఇదిగో చేతిపని అంటే ఇలా ఉండాలి అని నాలుగే లైన్లలో తానే రాశాడు. పది నిమిషాల్లో అయిపోయింది. చాలా అందంగా ఉంది. చివరి సున్నా తీసెయ్యబోయి పాయింటు తరవాత వచ్చే ప్రతి సున్నాకీ సున్నా చుట్టేసింది. నాలుగు పాయింట్ సున్నా ఎనిమిది కాస్తా నాలుగు పాయింట్ ఎనిమిదైంది.

దాన్ని పరీక్షించింది ఎవరు? నేను. కాగితం తీసి చదివించాను. ఎనభై రెండున్నర నా బరువు, నూట అరవై పాయింట్ అయిదు అక్క ఎత్తు, నూట రెండు పాయింట్ నాలుగు జ్వరం. అన్నీ చక్కగా పలికింది. మా ఇంట్లో పాయింటు పక్కనే సున్నా పడే మనిషి ఒక్కడూ లేడు. ఇరవై రెండేళ్లు టెస్టరుగా చేసి నేను పట్టలేనిదాన్ని, ఒకావిడ గిన్నెలో కప్పు తరవాత కప్పు నీళ్లు పోసి పట్టింది. నా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

అక్క ఇస్త్రీ పెట్టె ఆపి వచ్చింది. ఉత్తరం ఒకసారి చదివింది. చదివేటప్పుడు ఆవిడ పెదాలు కదులుతాయి. చొక్కా దగ్గర ఆగాయి.

"నాలుగు సున్నా ఎనిమిది నించి నాలుగు ఇరవై ఆరా? వారానికి నూట ఎనభై గ్రాములు. లక్షణంగా పెరుగుతోంది పిల్ల," అంది. మా వార్డులో రోజూ చూస్తుంటాను, తూకం ముల్లు వెనక్కి తిరిగితే తల్లి మొహం ఎలా ఉంటుందో అని నాతో మెల్లగా అంది. ఈవిడ ఆ మొహంతో ఆరు రోజులుంది.

బావ అప్పటికే జవాబు రాస్తున్నాడు. అమ్మా, మిమ్మల్ని ఎలా క్షమాపణ అడగాలో తెలియడం లేదు, గత కొన్ని నెలలుగా నా పరిస్థితి ఏమిటంటే, అని మొదలెట్టాడు. నలభై రిపోర్టుల గురించి ఒక పేరా, ఆఫీసు గురించి ఒక పేరా. అక్క వెనకాల నిలబడి చదివింది.

"ఏమండీ, ఇదంతా మీకోసం రాసుకుంటున్నారు. ఆవిడకి కావలసింది పిల్ల బరువు. అది ముందు చెప్పండి."

బావ ఒక్క క్షణం చేతులు వెనక్కి తీసుకున్నాడు. తరవాత రాసిందంతా చెరిపేశాడు. మళ్లీ కొత్తగా టైపు చేశాడు: మీ పాప మొదటి ఆదివారం 4.08 కిలోలు. రెండో ఆదివారం 4.26. పంపడానికి వేలు బొత్తాము మీదికి వెళ్లింది.

నాకు ఎక్కడో చురుక్కుమంది. ఈ ఉత్తరం ఆవిడ చదవదు, వింటుంది. వినిపించేది ఆవిడ ఫోను. ఆ ఫోనులో అంకెలు పలికేది ఎవరు?

"ఆగు బావా, ఆగు. అంకెలు వెయ్యకు. ఆ ఫోనులోనూ నీ నోరే ఉందేమో. నువ్వు సున్నా ఎనిమిదని రాస్తే ఆవిడకి మళ్లీ ఎనిమిదనే వినపడుతుంది."

బావ నా వైపు తిరిగాడు. బొత్తాము మీదనుంచి వేలు తీసేశాడు. ఇంకో అర సెకను ఆలస్యమైతే ఆ తల్లికి మేం ముగ్గురం కలిసి, దయగా, మర్యాదగా, స్వయంగా చేతులతో టైపు చేసి, మీ పాప అర కిలో తగ్గిందని ఖాయం చేసి ఉండేవాళ్లం.

అప్పుడు అక్షరాల్లో రాశాడు. ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లలకి చెప్పినట్టు. "మీ పాప మొదటి ఆదివారం నాలుగు పాయింట్ సున్నా ఎనిమిది కిలోలు. మధ్యలో సున్నా ఉంది. రెండో ఆదివారం నాలుగు పాయింట్ రెండు ఆరు. పాప నూట ఎనభై గ్రాములు పెరిగింది. తగ్గింది నా నోరు. పాప కాదు. ఇది పిల్లల ఆసుపత్రిలో నర్సు చూసి చెప్పిన మాట. తప్పు నాది." కింద అక్క తన ఫోను నంబరు వేయించింది. అది కూడా అక్షరాల్లోనే.

పంపాక బావ తప్పు దిద్దడానికి కూర్చున్నాడు. నాలుగు నిమిషాల పని. దిద్దాక పక్కనే ఆ సోమవారం రిపోర్టు తెరిచి పోల్చి చూశాడు. ఆయన దిద్దిందీ, యంత్రం సూచించిందీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. దానిమీద నాకు ఒక జోకు నోటిదాకా వచ్చింది, ఆయన మొహం చూసి మింగేశాను.

పావుగంట తరవాత జవాబొచ్చింది. ఒకటే లైను. ధన్యవాదాలు లేవు. "సున్నా వినపడింది. పాప ఏడుస్తోంది, పాలివ్వాలి, తరవాత రాస్తాను."

బావ ఆ లైనును చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. అద్దాలకి ఏమీ అంటలేదు, నేను చూశాను.

ఇంక తూకం వాళ్ల సంగతి. వారం రోజులనుంచి ఆవిడ ఫోన్ చేస్తుంటే, మా తూకంలో ఏ లోపమూ లేదని చెబుతున్నారట. బావ పేరుతో మెయిలు వెళ్లేసరికి ఇరవై నిమిషాల్లో వాళ్ల ఇంజినీరు లైనులోకొచ్చాడు. నోరు మీదేనా సార్, పద్నాలుగేళ్లనుంచి వాడుతున్నాం సార్ అన్నాడు. పద్నాలుగేళ్లలో అది మొదటి పలకరింపు. సాయంత్రం లోపల కొత్త నోరు ఆ తూకం వాడే ఫోన్లన్నిటికీ వెళ్లింది. అక్క మాత్రం సార్ అన్నవాణ్ణి వదల్లేదు. ఆవిడకి మీరే ఫోన్ చేసి లోపముందని చెప్పండి, నేను కనుక్కుంటాను అంది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ఆవిడ నిజంగానే అక్కకి ఫోన్ చేసింది. అత్తగారు వచ్చింది, తూకం ముందు నిలబడింది, నాలుగు పాయింట్ నాలుగు మూడు అని విని, పిల్ల బుగ్గ పట్టుకుని చూసి, కుర్చీ లాక్కుని కూర్చుందట. ఇదివరకు పిల్లనివ్వు అనేది, ఇప్పుడు నేనే ఇక్కడ రెండ్రోజులుంటానంటోంది, ఏది మేలో తెలియట్లేదమ్మా అని ఆవిడ నవ్విందట. అక్క, స్పీకరు పెట్టకుండా, ఆ ముక్క మాత్రం మాకు చెప్పింది.

కృతజ్ఞతల ఫైల్లో మూడు వందల పదమూడో లైనుకి ఏ పేరు వెయ్యమంటారని బావ రాశాడు. ఆవిడ తన పేరు చెప్పి, ఇంకో మాట కూడా రాసింది. మొదటి రెండు ఉత్తరాలు రాసిన యంత్రాన్ని కూడా వెయ్యండి, అది నా కోసం రెండుసార్లు తిట్లు తింది, చెప్పిందేమో నిజమే, అని.

బావ రెండు రోజులు గొణుక్కున్నాడు. యంత్రానికి కృతజ్ఞతేమిటి, రేపు ఇస్త్రీ పెట్టెకి కూడా సన్మానం చెయ్యమంటారు అన్నాడు. మూడో రోజు వేశాడు. ఆవిడ పేరు, పక్కన 'ఆవిడ చెప్పింది రాసిపెట్టిన యంత్రం', ఆ పక్కన 'నీళ్ల గిన్నె'. గిన్నె నా సిఫార్సు. టెస్టర్లకి టెస్టర్లే తోడు.

ఆయన తక్కెడ పోయింది. రిపోర్టు పంపే ఫారంలో ఇప్పుడు మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఎవరికి జరిగింది? దీనికీ యంత్రాలు ఏదో ఒకటి అల్లి చెబుతాయి కదా అని నేనన్నాను. తప్పులు వెతకడం నా రోగం. చెప్పనీ, చదువుతాను అన్నాడు. అన్నీ ఒక్కడే చదవడం లేదు. సగం నాకు పంపుతాడు, బల్ల సగం అక్కదే కాబట్టి రిపోర్టుల్లోనూ ఆవిడకి వాటా ఉంది. నలభైలో ముప్ఫై ఎనిమిది ఇప్పటికీ చెత్తే. ఎవరికి జరిగింది అంటే 'తుది వినియోగదారునికి' అని రాస్తాయి. అది కనబడగానే అక్క, చొక్కా బిగుతయిందా లేదా అది చెప్పమను అంటుంది.

బొత్తాము అలాగే ఉంది. ఏం చేశావు బావా అంటే, వచ్చే శనివారం చూద్దాంలేరా అంటాడు. ఇప్పటికి అయిదు శనివారాలైంది.

నా కాగితానికి కొత్త అంకె చేరింది. ఆవిడ ప్రతి ఆదివారం పాప బరువు పంపుతుంది, నేను కిందకింద రాసుకుని శనివారం చదివిస్తాను. నాలుగు సున్నా ఎనిమిది, నాలుగు ఇరవై ఆరు, నాలుగు నలభై మూడు, నాలుగు అరవై. గడిచిన ఆదివారం పాప అయిదు దాటింది. నిన్న పొద్దున బావా నేనూ స్పీకరుకి చెరో చెవీ ఆనించి కూర్చున్నాం. అక్క ఇస్త్రీ ఆపింది.

అయిదు పాయింట్, అని నోరు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. సున్నా రెండు, అంది.